వెలుగు గోరంత, బరువు కొండంత

వేసవి రాత్రి డాబా మీద పక్కలు వేసుకుని పడుకున్నప్పుడు ఉత్తరం వైపు సప్తర్షులు కనిపిస్తారు కదర్రా. ఆ ఏడు చుక్కలనూ పట్టుకుంటే ధ్రువుడు దొరుకుతాడు. వాళ్ల నడుమ నుంచి మెలికలు తిరుగుతూ పోయే నక్షత్ర రాశి ఒకటుంది, దాని పేరు డ్రాకో. ఆ దిక్కుగా సుమారు రెండున్నర లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఒక గెలాక్సీ ఉంది. అది మన పాలపుంత చుట్టూ తిరుగుతోంది. మీ కళ్లకీ కనపడదు, నా కళ్లకీ కనపడదు. బజార్లో కొనుక్కొచ్చే టెలిస్కోపు పెట్టినా లాభం లేదు. పెద్ద టెలిస్కోపుతో ఫొటో తీసినా అక్కడేదో ఉందని చూడగానే అనిపించదు. చుట్టుపక్కల కన్నా అక్కడ సన్న చుక్కలు ఇంకాస్త ఎక్కువున్నాయి, అంతే. దాని గుండా చూస్తే వెనకాల ఎక్కడో ఉన్న గెలాక్సీలు కూడా కనపడతాయి, అంత పలచన.

ఈ పలచటి గెలాక్సీలంటే నాకు చాలా ఇష్టం. విశ్వంలో ఉన్న పదార్థంలో ఆరింట ఐదు వంతులు కంటికి కనపడదనీ, దాన్ని కృష్ణపదార్థం అంటారనీ మీరు బడిలో వినే ఉంటారు. ఆ పదార్థం గురించి గట్టిగా ఏదైనా తెలుసుకోవాలంటే ధగధగలాడే గెలాక్సీల దగ్గరికి కాదు, వీటి దగ్గరికే పోవాలి. ఎందుకో చెబుతాను, వినండి.

మన పాలపుంత ఒంటరిది కాదు. దాని చుట్టూ చిన్న గెలాక్సీలు తిరుగుతుంటాయి, మరుగుజ్జు గెలాక్సీలంటారు వాటిని. అన్నిటికన్నా పెద్దవి రెండు, మెజిలానిక్ మేఘాలు. ఆస్ట్రేలియా వాళ్లకీ, దక్షిణాఫ్రికా వాళ్లకీ అవి కంటికే కనపడతాయి. మన నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చూసినా పెద్ద మేఘం దక్షిణ దిగంతానికి ఆరేడు డిగ్రీల పైకి మాత్రమే వస్తుంది, అక్కడి దుమ్ములో, మసకలో కలిసిపోతుంది. ఆ రెండూ కాక చిన్నవి ఉన్నాయని చాలాకాలం ఎవరికీ తెలియదు. 1938లో హార్లో షాప్లీ అనే హార్వర్డ్ శాస్త్రవేత్త, దక్షిణాఫ్రికాలోని బాయిడెన్ కేంద్రంలో తీయించిన గాజు పలకల ఫొటోల్లో రెండు కొత్త రకం నక్షత్ర సమూహాలు ఉన్నాయని ప్రకటించాడు. అవి ఉన్న రాశుల పేర్లే వాటికి పెట్టారు: స్కల్ప్టర్, ఫోర్నాక్స్. తర్వాత కాలిఫోర్నియాలోని పాలోమార్ కొండ మీద ఆకాశమంతా ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీస్తుంటే ఇంకో నాలుగు దొరికాయి. డ్రాకో వాటిలో ఒకటి, 1954లో ఆల్బర్ట్ విల్సన్ పట్టుకున్నాడు. మొత్తం డ్రాకో వెలుగంతా పోగేస్తే మూడు లక్షల సూర్యుళ్లకు మించదు. మన పాలపుంతలో నక్షత్రాలే పది వేల కోట్లకు పైన ఉంటాయి. కనుక డ్రాకో గురించి పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. ముసలి నక్షత్రాలు తప్ప అందులో ఏమీ లేదు, కొత్తవి పుట్టడానికి గ్యాసూ లేదు.

అలాంటి దాని బరువు తూచాలన్న ఆలోచన మార్క్ ఆరన్సన్ అనే కుర్రవాడికి వచ్చింది. కుర్రవాడనే అంటాను, ముప్పై రెండు ముప్పై మూడేళ్లు అప్పటికి.

గెలాక్సీని ఎలా తూస్తారు? వేగం చూసి తూస్తారు. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. ఎక్కడో దూరాన ఉన్న నెప్ట్యూన్ సెకనుకు ఐదున్నర కిలోమీటర్లే నడుస్తుంది. భూమి వేగమూ, దూరమూ తీసుకుని సూర్యుడి బరువు లెక్కకట్టండి. నెప్ట్యూన్ వేగమూ, దూరమూ తీసుకుని మళ్లీ కట్టండి. ఒకే జవాబు వస్తుంది. న్యూటన్ మనకిచ్చిన త్రాసు అది. ఎంత బరువు లాగుతుంటే అంత వేగంగా తిరగాలి, లేకపోతే లోపలికి పడిపోతుంది. బరువు చాలకపోయినా వేగంగా తిరుగుతుంటే బయటికి ఎగిరిపోతుంది. డ్రాకోలో నక్షత్రాలు గ్రహాల్లాగా వరసగా ఒకవైపే తిరగవు, తలో దిక్కుకీ పోతుంటాయి. అయినా సూత్రం అదే. వాటి వేగాల్లో తేడాలు ఎంతున్నాయో చూస్తే వాటిని పట్టి ఉంచిన బరువు ఎంతో తెలుస్తుంది.

ఆ వేగం కొలవడమే కష్టం. నక్షత్రం వెలుగును రంగులుగా విడగొడితే మధ్యమధ్య నల్లటి గీతలు కనపడతాయి, ఒక్కో మూలకానిది ఒక్కో గీత. నక్షత్రం మనవైపు వస్తుంటే గీతలు నీలం వైపు జరుగుతాయి, దూరంగా పోతుంటే ఎరుపు వైపు. సెకనుకు పది కిలోమీటర్ల వేగమంటే గీత జరిగేది ముప్పై వేలలో ఒక్క వంతు. అదీ రెండున్నర లక్షల కాంతి సంవత్సరాల అవతలి నుంచి వచ్చే చుక్కంత వెలుగులో. ఆరన్సన్ అరిజోనాలోని హాప్కిన్స్ కొండ మీద అప్పట్లో కొత్తగా కట్టిన బహుళ దర్పణ టెలిస్కోపుతో డ్రాకోలో మూడంటే మూడు నక్షత్రాల వేగాలు కొలిచాడు. 1983లో ఫలితం ప్రచురించాడు. డ్రాకోలో కనపడే నక్షత్రాల బరువే దాని బరువైతే, ఆ వేగాల తేడా సెకనుకు ఒకటి, మహా అయితే రెండు కిలోమీటర్లు ఉండాలి. అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చింది.

మూడు నక్షత్రాలతో గెలాక్సీని తూచడమా అని చాలామంది నమ్మలేదు. వాళ్ల అనుమానంలో న్యాయం ఉంది. ఒక నక్షత్రానికి జంట నక్షత్రం ఉంటే, దాని చుట్టూ తిరిగే వేగం కూడా ఇందులో కలిసిపోతుంది. మనం అది గెలాక్సీ లాగుడు అని పొరబడతాం. దీనికి మందు ఒక్కటే: కొన్నాళ్లాగి అవే నక్షత్రాలను మళ్లీ కొలవడం. జంటదైతే వేగం మారుతుంది, ఒంటరిదైతే మారదు. ఆ పని ఆరన్సనూ, అతని తర్వాతివాళ్లూ ఏళ్ల తరబడి చేశారు. మూడు కాస్తా పదులయ్యాయి, వందలయ్యాయి. ఇప్పుడు డ్రాకోలో వేగాల తేడా సెకనుకు సుమారు తొమ్మిది కిలోమీటర్లని స్థిరపడింది. వేగం పదింతలైతే బరువు పదింతలు కాదర్రా, నూరింతలు. వేగాన్ని వేగంతోనే హెచ్చవేయాలి. అంటే డ్రాకోలో కనపడే నక్షత్రాల బరువుకు వంద రెట్ల దాకా కనపడని బరువు ఉందన్నమాట. ఆరన్సన్ మూడు నక్షత్రాలతో చెప్పిన మాట నిలబడింది. అది పూర్తిగా నిలబడడం చూసేదాకా మాత్రం అతను లేడు. 1987 ఏప్రిల్ చివరి రోజున కిట్ పీక్ వేధశాలలో, పనిచేస్తూనే, తిరిగే గోపురం తలుపు దగ్గర జరిగిన ప్రమాదంలో పోయాడు. 36 ఏళ్లు. ఈ కబురు చెప్పేటప్పుడు ఆ అబ్బాయి పేరు చెప్పకుండా ముందుకు పోవడం నాకు చేతకాదు.

కనపడని బరువు సంగతి ఆరన్సన్ కన్నా ముందే తెలుసు కదా అని మీరడగచ్చు. తెలుసు. 1933లోనే ఫ్రిట్జ్ జ్వికీ కోమా గెలాక్సీల గుంపులో దాని జాడ పట్టాడు. 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీ అంచుల్లో నక్షత్రాలు వేగం తగ్గాల్సినంత తగ్గకుండా తిరుగుతున్నాయని చూపించారు. మరి ఈ చిన్నవాటి గొప్పేమిటి?

అమ్మమ్మ పెట్టిన ఆవకాయ నోట్లో వేసుకుని అందులో ఉప్పు ఎంత పడిందో చెప్పమంటే చెప్పగలరా? కారం, ఆవపిండి ఘాటు, నూనె, మామిడి పులుపు, అన్నీ కలిసి నాలుకను పట్టేస్తాయి. అదే చిటికెడు ఉప్పు గంజిలో వేసి ఇస్తే, గుక్క మింగగానే ఉప్పు ఎంతుందో, ఎలాంటి ఉప్పో కూడా చెప్పేస్తారు. పాలపుంత ఆవకాయ లాంటిది. మన సూర్యుడు తిరిగే దారికి లోపల చూస్తే మామూలు పదార్థమూ కృష్ణపదార్థమూ ఇంచుమించు సరిసమానంగా కలిసి ఉంటాయి. నక్షత్రాలు, గ్యాసు, ధూళి, పేలుళ్లు, నడిబొడ్డున పెద్ద కృష్ణబిలం. ఏ లాగుడు ఎవరిదో విడదీయాలంటే పెద్ద తంటా. మరుగుజ్జు గెలాక్సీ గంజి. అందులో కృష్ణపదార్థమే అసలు సరుకు, నక్షత్రాలు దాని జాడ చెప్పడానికి మాత్రమే ఉన్నాయి.

గెలాక్సీ ఎంత మసకదైతే ఈ రుచి అంత స్పష్టంగా తెలుస్తుంది. అందుకని డ్రాకో కన్నా మసకవాటి కోసం వెతుకులాట మొదలైంది. న్యూ మెక్సికోలోని అపాచీ పాయింట్ దగ్గర స్లోన్ సర్వే అని ఒకటి, రెండున్నర మీటర్ల టెలిస్కోపుతో పావు వంతు ఆకాశాన్ని ఫొటో తీసి, కోట్లాది నక్షత్రాల రంగులూ, కాంతులూ కంప్యూటర్లలో పెట్టింది. ఫొటో చూసి వెతకడం కాదిక. ఒకే దూరంలో, ఒకే వయసులో ఉన్న ముసలి నక్షత్రాలకు ఏ రంగూ, ఎంత వెలుగూ ఉండాలో ముందే తెలుసు. ఆ లెక్కకు సరిపోయేవాటిని మాత్రం జల్లెడ పట్టి, ఎక్కడ గుంపుగా పడ్డాయో చూడడం. 2005 నుంచి రెండు మూడేళ్లలో డజను దాకా బయటపడ్డాయి. 2015లో చిలీ నుంచి దక్షిణాకాశాన్ని చూసిన డార్క్ ఎనర్జీ సర్వేలో మరో విడత. ఇప్పటికి అన్నీ కలిపి అరవై దాటాయి.

వాటిలో ఒకదాని సంగతి చెబుతాను. సింహరాశిలో మఖ నక్షత్రం తెలుసు కదా, వేసవి మొదట్లో రాత్రిపూట నడినెత్తికి వస్తుంది. చెయ్యి చాపి, రెండు వేళ్లు మఖకు ఉత్తరంగా అడ్డం పెడితే ఆ వేళ్ల చివర దాదాపుగా సెగ్యూ 1 ఉంటుంది. దూరం సుమారు 75 వేల కాంతి సంవత్సరాలు. మొత్తం గెలాక్సీ వెలుగు మూడు నాలుగు వందల సూర్యుళ్లంత. ఆర్ద్ర కార్తె అంటారే, ఆ ఆర్ద్ర నక్షత్రం ఒక్కటే ఈ గెలాక్సీ మొత్తం కన్నా ఎన్నో రెట్లు వెలుగునిస్తుంది! మార్లా గెహా, జోష్ సైమన్, వాళ్ల తోటివాళ్లు హవాయి దీవిలో మౌనా కియా కొండ మీది పది మీటర్ల కెక్ టెలిస్కోపు పెట్టి సెగ్యూ 1కి చెందిన 71 నక్షత్రాలను ఏరి, వేగాలు కొలిచారు. జంట నక్షత్రాల గొడవ పోవడానికి మళ్లీ మళ్లీ కొలిచారు. వేగాల తేడా సెకనుకు నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ. తక్కువే అనిపిస్తుంది. కానీ అక్కడున్న నక్షత్రాల బరువే అయితే అర కిలోమీటరు కూడా ఉండకూడదు. లెక్క కడితే నడిమధ్యన వంద చిల్లర కాంతి సంవత్సరాల లోపలే సుమారు ఆరు లక్షల సూర్యుళ్ల బరువు తేలింది. వెలుగుతో పోలిస్తే బరువు వేల రెట్లు ఉంది. కృష్ణపదార్థం తప్ప దాదాపు ఇంకేమీ లేని గెలాక్సీ అది.

ఇంత చిన్నదాన్ని గెలాక్సీ అని ఎందుకనాలి, ఏదో నక్షత్ర గుచ్ఛం కావచ్చు కదా? మంచి అనుమానమే. దీనికి జవాబు వేగాల్లోనే కాదు, ఇనుములోనూ ఉంది. మొదటి తరం పెద్ద నక్షత్రాలు పేలినప్పుడు ఇనుము లాంటి బరువైన మూలకాలు బయటికి చిమ్ముతాయి. చిన్న గుచ్ఛానికి వాటిని పట్టి ఉంచే శక్తి లేదు, అన్నీ ఎగిరిపోతాయి. అందుకే మామూలు గుచ్ఛాల్లో నక్షత్రాలన్నిటిలోనూ ఇనుము ఇంచుమించు ఒకేలా ఉంటుంది. సెగ్యూ 1లో అలా లేదు. కొన్ని నక్షత్రాల్లో సూర్యుడిలో ఉన్నదానికి పాతికో వంతు ఇనుముంటే, కొన్నిటిలో కొన్ని వేలలో ఒక్క వంతు. పేలుడు ధూళిని పారిపోనీయకుండా పట్టుకుని, తర్వాతి తరం నక్షత్రాల్లోకి చేర్చేంత బరువు అక్కడ ఉండి ఉండాలి. వేగాలు చెప్పిన సాక్ష్యమే, వేరే దారిలో వచ్చి, ఇనుమూ చెబుతోంది.

అన్నీ ఇంత తేటతెల్లంగా తేలవు. 2023లో సప్తర్షులున్న రాశిలోనే మరొకటి దొరికింది, దానికి ఉర్సా మేజర్ 3 అని పేరు. అరవై నక్షత్రాలు కనిపించాయి, వాటన్నిటి బరువు పదహారు సూర్యుళ్లంత. ఇది గెలాక్సీయేనా, లేక మధ్యలో చచ్చిన నక్షత్రాలు పోగుపడి ఉన్న గుచ్ఛమా అని ఇప్పుడు పెద్ద వాదన నడుస్తోంది. ఒకటి రెండు జంట నక్షత్రాలు లెక్కలోంచి తీసేస్తే వేగాల తేడా మాయమైపోతుంది. పట్టుబట్టి కొలుస్తున్నారు, కొలవనీయండి.

బంగారం మాట కూడా చెప్పాలి. 2015లో దొరికినవాటిలో రెటిక్యులమ్ 2 ఒకటి, లక్ష కాంతి సంవత్సరాల దూరంలో. అలెక్స్ జీ, అన్నా ఫ్రెబెల్ వాళ్లు దాని నక్షత్రాల్లో తొమ్మిదింటిని పరీక్షించారు. ఏడింటిలో యూరోపియం లాంటి బరువు మూలకాలు ఊహించనంత ఎక్కువగా ఉన్నాయి. బంగారం కూడా ఆ దారిలోనే తయారవుతుంది. ఆ చిన్న గెలాక్సీలో ఎప్పుడో ఒక్కసారి జరిగిన అరుదైన ఘటన, బహుశా రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొనడం, అక్కడి గ్యాసు మొత్తాన్నీ అలా మార్చేసింది. పెద్ద గెలాక్సీలో ఇలాంటి ఘటనలు ఎన్నో కలగాపులగమై ఏదీ విడిగా తెలియదు. అమ్మమ్మ మెడలో గొలుసు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి కూడా ఈ మసక గెలాక్సీలే దారి చూపించాయి.

సరే, కృష్ణపదార్థం దగ్గరికే వద్దాం. అది ఉందని తెలిస్తే సరిపోదు కదా, ఏమిటో తెలియాలి.

1999లో ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది. కృష్ణపదార్థం నెమ్మదిగా కదిలే బరువైన కణాలతో అయినదని అనుకుని, విశ్వం పుట్టుక నుంచి ఎలా పెరిగి ఉంటుందో రెండు బృందాలు కంప్యూటర్లలో నడిపి చూశాయి. పాలపుంతంత గెలాక్సీ చుట్టూ కృష్ణపదార్థపు చిన్న గుట్టలు వందలకొద్దీ రావాలని తేలింది. అప్పటికి మనకు తెలిసిన మరుగుజ్జులు పదకొండు! వందలెక్కడ, పదకొండెక్కడ? సిద్ధాంతమే తప్పని కొందరన్నారు. తర్వాత రెండు వైపుల నుంచీ ఆ లోటు పూడింది. ఒకటి, స్లోన్ లాంటి సర్వేలు కొత్తవాటిని వెలికితీశాయి. పాలపుంత ధూళి అడ్డం వచ్చే చోట్లూ, చూడని ఆకాశమూ, అందనంత మసకవీ లెక్కలో కలిపితే సంఖ్య ఇంకా పెరుగుతుంది. రెండోది నాకు మరీ ఇష్టమైన కారణం. విశ్వం పుట్టిన మొదటి వంద కోట్ల ఏళ్లలోపు తొలి నక్షత్రాల అతినీలలోహిత కాంతి అంతటా వ్యాపించి, హైడ్రోజన్ గ్యాసును పదివేల డిగ్రీల దాకా వేడెక్కించింది. అంత వేడి గ్యాసులో పరమాణువులు సెకనుకు పది కిలోమీటర్లకు పైగా పరుగెడతాయి. చిన్న గుట్టల లాగుడు వాటిని ఆపలేదు. ఆ గుట్టల్లోకి గ్యాసు రాదు, ఉన్నదీ పోతుంది. గ్యాసు లేకపోతే నక్షత్రాలు లేవు. అప్పటికే నాలుగు నక్షత్రాలు పుట్టి ఉంటే అవే మిగులుతాయి.

ఈ మాట నిజమైతే బాగా మసక గెలాక్సీల్లో నక్షత్రాలన్నీ పండు ముసలివే అయి ఉండాలి. హబుల్ టెలిస్కోపుతో ఆరు మసక గెలాక్సీలను గురిపెట్టి చూశారు. 2014లో వచ్చిన ఫలితం ప్రకారం వాటిలో ఎక్కువ నక్షత్రాలు పన్నెండు వందల కోట్ల ఏళ్లకు ముందే పుట్టాయి. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. అంటే విశ్వం పసితనంలో పుట్టి, ఆ వేడికి కొత్త పుట్టుకలు ఆగిపోయి, అప్పటి నుంచీ అలాగే ఉండిపోయిన గెలాక్సీలు మన పొరుగున తిరుగుతున్నాయి. నాకు ఇది తలచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

ఇవి ఉన్నాయన్న ఒక్క సంగతే కృష్ణపదార్థపు కణాల గురించి చాలా చెబుతుంది. ఆ కణాలు తేలికగా ఉండి, పుట్టినప్పుడు వేగంగా పరుగెత్తి ఉంటే, చిన్న గుట్టలు కట్టేవే కావు, చెదిరిపోయేవి. సెగ్యూ 1 లాంటిది పుట్టేదే కాదు. కనపడని కణాలు అనగానే మనకు ముందు గుర్తొచ్చేది న్యూట్రినోలు. అవి కృష్ణపదార్థం కాలేవని చెప్పడానికి ఈ చిన్న గెలాక్సీలు గట్టి సాక్ష్యం. ఒకే చోట, ఒకే వేగంతో ఎన్ని న్యూట్రినోలను కుక్కవచ్చో క్వాంటం సిద్ధాంతం హద్దు పెడుతుంది. ఆ హద్దును గెలాక్సీలకు ఎలా వర్తింపజేయాలో 1979లో స్కాట్ ట్రెమెయిన్, జేమ్స్ గన్ చూపించారు. మరుగుజ్జుల్లో ఉన్న చిక్కదనానికి తేలికైన న్యూట్రినోలు ఏమాత్రం చాలవు.

కణాలు బరువైనవే అయితే రెండు కణాలు ఢీకొన్నప్పుడు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని గామా కిరణాలు చిమ్మవచ్చని ఒక ఆలోచన ఉంది. పాలపుంత నడిబొడ్డు నుంచి లెక్కకు మించి గామా కిరణాలు వస్తున్నాయి కూడా. కానీ అక్కడ పల్సార్లుంటాయి, నక్షత్రాలు చచ్చిన చోట్లుంటాయి, ఎవరు చిమ్మారో తేల్చడం కష్టం. మరుగుజ్జుల్లో గ్యాసు లేదు, కొత్త నక్షత్రాలు లేవు, అంతా నిశ్శబ్దం. అక్కడి నుంచి గామా కిరణాలు వస్తే మిగతావాటి మీద నెట్టడానికి వీల్లేదు. 2008లో అంతరిక్షంలోకి వెళ్లిన ఫెర్మీ టెలిస్కోపు పదిహేను మరుగుజ్జుల వైపు నుంచి ఆరేళ్లపాటు పోగుచేసిన కిరణాలను వడపోస్తే, ఖాయంగా ఇది అని చెప్పదగ్గ సంకేతమేదీ రాలేదు. రాకపోవడం కూడా ఫలితమేనర్రా. ప్రోటాను బరువుకు వందింతల లోపు ఉండే కణాల్లో, శాస్త్రవేత్తలు ఎంతో ఆశ పెట్టుకున్న మామూలు రకాలు కొన్ని ఆ దెబ్బతో పక్కకు పోయాయి.

తెగని పేచీ ఒకటుంది. కంప్యూటర్ లెక్కల ప్రకారం కృష్ణపదార్థపు గుట్ట నడిమధ్యకు పోయేకొద్దీ బాగా చిక్కబడాలి. ఫోర్నాక్స్ గెలాక్సీలో అలా కనపడదు. ఇక్కడ మన సుబ్రహ్మణ్య చంద్రశేఖర్ గారి పేరు వస్తుంది. బరువైన వస్తువు నక్షత్రాల మధ్య నుంచి పోతుంటే వెనకాల పోగుపడినవి దాన్ని వెనక్కి లాగి వేగం తగ్గిస్తాయని 1943లో ఆయన లెక్కకట్టి చూపించారు. ఫోర్నాక్స్‌లో ఐదు పెద్ద నక్షత్ర గుచ్ఛాలున్నాయని ఎప్పటి నుంచో తెలుసు. చంద్రశేఖర్ గారి లెక్క ప్రకారం నడిబొడ్డు అంత చిక్కగా ఉంటే అవి ఎప్పుడో వేగం కోల్పోయి మధ్యకు దిగిపోయి ఉండాలి. దిగలేదు, ఇంకా బయటే తిరుగుతున్నాయి. మధ్యలో కృష్ణపదార్థం చదునుగా ఉంటే ఈ చిక్కు విడిపోతుంది. మరి చదునెందుకైంది? కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయని కొందరంటారు. కాదు, ఫోర్నాక్స్‌లో చాలాకాలం నక్షత్రాలు పుట్టి పేలుతూ వచ్చాయి, ప్రతి పేలుడుకూ గ్యాసు బయటికి పోయి, మళ్లీ లోపలికి వచ్చి, ఆ ఊపుకు కృష్ణపదార్థం కూడా బయటికి జరిగిందని ఇంకొందరంటారు. నాకు రెండో మాట వైపే మొగ్గు. ఎందుకంటే డ్రాకోలో నక్షత్రాల పుట్టుక ఎన్నడో ఆగిపోయింది, అక్కడ కదిపేవాళ్లు లేరు, నడిబొడ్డు ఇంకా చిక్కగానే ఉన్నట్టు కొలతలు సూచిస్తున్నాయి.

కృష్ణపదార్థమే లేదు, గురుత్వాకర్షణ సూత్రాన్నే సవరించాలనే పక్షం కూడా ఉంది. 1983లో మోర్డెహై మిల్‌గ్రోమ్ మొదలుపెట్టాడు. 2016లో దొరికిన క్రేటర్ 2 అనే విశాలమైన మసక గెలాక్సీలో వేగాల తేడా చాలా తక్కువగా ఉంటుందని ఆ పక్షం వాళ్లు ముందే చెప్పారు, కొలిస్తే అలాగే వచ్చింది. ఆ ఘనత వాళ్లకివ్వాలి. కానీ డ్రాకో, సెగ్యూ 1 వాళ్ల సూత్రానికి లొంగవు. కనపడే వెలుగొకటే కారణమైతే, వెలుగును మించిన ఈ బరువుకు వాళ్ల దగ్గర తేలికైన జవాబు లేదు.

ఇకముందు పని చిలీలో, సెర్రో పచోన్ కొండ మీద జరుగుతుంది. అక్కడ ఎనిమిది మీటర్ల పైచిలుకు అద్దంతో, 3,200 మెగాపిక్సెళ్ల కెమెరాతో కట్టిన వేధశాలకు వేరా రూబిన్ పేరే పెట్టారు. 2025 జూన్‌లో మొదటి చిత్రాలు విడుదల చేశారు. పదేళ్లపాటు దక్షిణాకాశాన్ని మళ్లీ మళ్లీ ఫొటో తీస్తుంది. అందనంత మసకవి, దూరపువి ఇంకా ఎన్నో దొరుకుతాయని అందరూ ఎదురుచూస్తున్నారు.

మరి ఒక్క నక్షత్రం కూడా పుట్టని గుట్టల మాటేమిటి? సిద్ధాంతం నిజమైతే అలాంటివే ఎక్కువ ఉండాలి. వాటిని పట్టే ఉపాయం కూడా దొరికింది. పాలపుంత లాగుడుకు చిన్న గుచ్ఛాలు చిరిగిపోయి, వాటి నక్షత్రాలు ఆకాశం మీద పొడుగాటి సన్న ధారలుగా సాగుతాయి. 2006లో కనిపెట్టిన జీడీ-1 అలాంటి ధార. 2018లో గయా ఉపగ్రహం కొలతలు వచ్చాక చూస్తే ఆ ధారకు ఒకచోట గండి పడి ఉంది, దాని పక్కన కొన్ని నక్షత్రాలు పక్కకు చిందినట్టు ఉన్నాయి. పది లక్షల నుంచి పది కోట్ల సూర్యుళ్ల మధ్య బరువున్న చిక్కటి వస్తువేదో దాన్ని దాటుకుంటూ పోతే అలా అవుతుందని లెక్కకు వచ్చింది. తెలిసిన గుచ్ఛాలూ, మరుగుజ్జులూ ఏవీ ఆ సమయానికి ఆ దారిన పోయినట్టు తేలలేదు. రూబిన్ చిత్రాలు పోగుపడేకొద్దీ ఇలాంటి ధారలు మరిన్ని బయటపడతాయి. వాటిలో గండ్లు ఎన్ని ఉన్నాయో, ఎంత వెడల్పున ఉన్నాయో కొలిస్తే, కృష్ణపదార్థం ఎంత చిన్న గుట్టల దాకా కట్టగలదో నక్షత్రాల సాయం లేకుండానే తెలుస్తుంది.